పడవల సినిమా రెండో భాగం

మా వియ్యపురాలికీ నాకూ ఉన్న తగువు మర్యాదల గురించి కాదు, వంటింటి గురించీ కాదు. ఒక సినిమా చివర ఏమైందన్న దాని గురించి. పిల్లల పెళ్ళి మాటలనాడే మొదలైంది. వాళ్ళది వంతెనకు అవతలి వైపు, మాది ఇవతలి వైపు. మాటల మధ్యలో పడవల సినిమా ప్రస్తావన వచ్చింది. దానికి అసలు పేరు వేరే ఉంది గానీ, పాటలన్నీ పడవల మీదే కాబట్టి ఎవరూ ఆ పేరు వాడరు. పడవ నడిపే పిల్లా, హార్మోనియాలు బాగుచేసే అబ్బాయీ అందులో జంట.

"ఆఖర్లో ఆ పిల్ల ఒడ్డున పడి ఏడుస్తుంటే నాకు వారం రోజులు అన్నం సయించలేదండీ" అంది ఆవిడ.

"ఏడవడమేమిటండీ, వాళ్ళిద్దరికీ పెళ్ళయితేనూ!" అన్నాను నేను.

అంతే. సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని మా అబ్బాయీ వాళ్ళమ్మాయీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సంబంధం తప్పిపోలేదు. తగువూ తప్పిపోలేదు.

వియ్యంకుడు కాలం చేశాక ఆవిడ మా ఇంటికే వచ్చేసింది. నేనూ ఆవిడా ఒకే గది. రెండు మంచాలు, మధ్యన ఒక స్టూలు, దాని మీద ఇద్దరి కళ్ళజోళ్ళు. పొద్దున్నే ఎవరివి ఎవరు పెట్టుకున్నామో తెలియక కాసేపు లోకమంతా మసకగా ఉంటుంది. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి వదినా అంటాను. మా ఆయన ఆవిడకు అన్నయ్యగారు. ఆయన ఒకప్పుడు ఇవతలి వైపు సినిమా హాల్లో ఆపరేటరు. హాలు పోయి ఆ చోట మందుల గోదాము వచ్చినా వీధిలో అందరికీ ఆయన ఆపరేటరుగారే. మా తగువు మొదలవగానే ఆయన లేచి వెళ్ళి ఫ్యాన్లకు నూనె వేసుకునేవారు. మా ఇంట్లో ఫ్యాన్లు చప్పుడు చేయకుండా తిరుగుతాయంటే కారణం అదే.

తగువు తేల్చుకుందామంటే దారి లేదు. ఆ సినిమా పెట్టెలన్నీ ఎక్కడో కాలిపోయాయి. రేడియోలో పాటలు వస్తాయి, కథ రాదు. నా దగ్గర పాటల పుస్తకం ఉంది. నాకు చదువబ్బింది పాటల పుస్తకాలతోనే. నోటికొచ్చిన పాట మీద వేలుపెట్టి జరుపుకుంటూ పోతే అక్షరాలు వాటంతటవే దొరికాయి. కానీ ఆ పుస్తకం కూడా కథంతా చెప్పుకొచ్చి, సరిగ్గా అసలు చోటికి రాగానే మిగతాది తెరమీద చూసుకోమంటుంది.

"మీ హాల్లో శుభం కార్డు పడిందా వదినా?" అని గుచ్చేది ఆవిడ.

"ఎవరు చూశారమ్మా. పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ తోపులాటలో బయటపడితే చాలన్నట్టుండేది. లాంతర్ల పాట మాత్రం రెండుసార్లు వచ్చింది. మధ్యలో ఒకసారి, ఆఖర్న పెళ్ళిలో ఒకసారి."

"మాకు ఒక్కసారే వచ్చింది."

"మా హాలువాళ్ళకి జనమంటే ప్రేమ ఎక్కువ. ఏం చేస్తాం!"

ఈ ఏడు రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చిపడ్డాయి. పడవల సినిమాకు రెండో భాగం తీశారని ఒకటి. వదిన చిన్న కూతురికి నెలలు నిండుతున్నాయని ఇంకొకటి. ఆ పిల్ల ఉండే ఊరు దూరం. పురుడు పోసి, బిడ్డ నడిచేదాకా అక్కడే ఉండాలి. "ఏడాదనుకో, రెండేళ్ళనుకో" అంది వదిన, దుప్పటి మడతపెడుతూ, ఏదో సందు చివరి కొట్టుకు వెళ్ళొస్తానన్నట్టు.

నా సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నేనెవర్నీ సాగనంపను. చిన్నతనంలో నేను చెయ్యి ఊపి పంపించినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మరి తిరిగి రాలేదు. నా చెయ్యి మంచిది కాదేమోనని అప్పట్నుంచీ ఊపడం మానేశాను. నవల చివర ఎవరైనా రైలెక్కేలా కనిపిస్తే అక్కడితో మూసేస్తాను. ఇంట్లోంచి ఎవరైనా ఊరికి బయల్దేరితే, నేను స్నానాలగదిలో దూరి పంపు తిప్పుకుంటాను. వాళ్ళు వెళ్ళిపోయాక బయటికొస్తాను. అదేదో నా ఖర్మ, ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేదాన్ని. వదినకు మాత్రం అది మొదట్నుంచీ కంటగింపే.

"వదినా, పందెం" అంది దుప్పటి పక్కన పెట్టి. "రెండో భాగం తీశారంటే మొదటిదాని సంగతి తేలక తప్పదు. నేను చెప్పినట్టు వాళ్ళు విడిపోయుంటే, నువ్వు బస్టాండుకొచ్చి నన్ను బస్సెక్కించాలి. పంపు తిప్పుకోవడాలు కుదరవు."

"నేను చెప్పినట్టు పెళ్ళయివుంటే?"

"నువ్వేమడిగినా సరే."

"వెళ్ళొద్దంటే మానేస్తావా?"

ఆవిడ మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "మానేస్తాను. చిన్నదానికి వాళ్ళ అత్తగారుందిగా."

గుమ్మంలో నిలబడి విన్న మా కోడలు నెత్తి కొట్టుకుంది. "అత్తయ్యా! అమ్మా! పురిటికి వెళ్ళడానికి సినిమా మీద పందెమేమిటి? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నువ్వు టిక్కెట్లు తియ్యవే" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

మధ్యాహ్నం ఆటకు నలుగురం బయల్దేరాం. గ్యాసు కట్టేశానో లేదోనని నేను వీధి మలుపు నుంచి వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. తలుపు గడియ పడిందో లేదోనని ఇంకోసారి వెళ్ళబోతే కోడలు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొత్త హాలు నాలుగంతస్తుల మీద ఉంది, కింద బట్టల కొట్లు, చెప్పుల కొట్లు. తలుపు దగ్గర సీట్లే కావాలని నేను ముందే చెప్పాను. నిప్పంటుకుంటే ముందు మనమే బయటపడొచ్చు. "మనమే ముందు తొక్కిసలాటలో పడొచ్చు కూడా" అంది వదిన.

మా ఆయన కూర్చోకుండా వెనక్కి తిరిగి, గోడలో కన్నం కోసం వెతుకుతున్నారు. "ఆపరేటరు ఏడీ?"

"ఇప్పుడు ఆపరేటరు ఉండడు మామయ్యా. అంతా కంప్యూటరే."

"మరి బొమ్మ మసకేస్తే జనం ఎవర్ని తిడతారమ్మా?" అని ఆయన నిజంగా దిగులుపడ్డారు.

దీపాలారాయి. తెరమీద అక్షరాలు పడ్డాయి, నేను గొణుగుతూ చదువుకున్నాను: పాత సినిమాలో మిగిలింది ఒక్క ఆఖరి రీలేనట. ఏ గోదాములోనో దొరికిందట. ముందుగా దాన్నే చూపిస్తారట.

నా చెయ్యి కుర్చీ చేతిమీద ఉంది. వదిన తన చెయ్యి దాని మీద వేసింది. గెలిచేదాని చెయ్యి అంత చల్లగా ఉండదు.

తెలుపు నలుపుల్లో రేవు. వాన. ఆవిరి పడవ కట్టుతాళ్ళు విప్పుతున్నారు. హార్మోనియాలు బాగుచేసే ఆ అబ్బాయి తన పెట్టెను గుండెకు హత్తుకుని పైన నిలబడ్డాడు. కింద, పడవ నడిపే ఆ పిల్ల. ఇంత వయసులో నేను వాళ్ళని మళ్ళీ చూస్తాననుకోలేదు. ఎంత చిన్నపిల్లలు వాళ్ళు! అప్పట్లో నాకు పెద్దవాళ్ళలా కనిపించారు.

"పెట్టె తడవనీకు" అంది ఆ పిల్ల.

"నువ్వు వానలో నిలబడకు" అన్నాడు అతను.

అంతే మాటలు. పాట లేదు. పడవ కదిలింది. ఆ పిల్ల దానితోపాటు రేవు చివరిదాకా నడిచింది. చెక్కలు అక్కడితో అయిపోయాయి. కాసేపు చూసింది. తరవాత వెనక్కి తిరిగి వచ్చి, తన చిన్న పడవలోకి దిగి, చెంబు తీసుకుని, అందులో చేరిన వాననీళ్ళు తోడిపోయడం మొదలుపెట్టింది. తోడుతోంది, తోడుతోంది. దాని మీద శుభం పడింది.

ఓడిపోయానన్న సంగతి వెంటనే తట్టలేదు. ఆ పిల్ల చెంబు దగ్గరే ఉండిపోయాను.

ఆ తరవాత రంగుల బొమ్మ మొదలైంది. నలభై ఏళ్ళు గడిచాయి, ఆ పిల్ల ముసలిదైంది, ఇరవై పడవలకు యజమానురాలు. రేవులో అందరూ ఆవిణ్ణి చూసి హడలిపోతారు. పాటలు ఫరవాలేదు. ఒక పాటలో పడవలవాళ్ళందరూ తెడ్లు తిప్పుతూ గంతులు వేస్తుంటే వదిన, "అలా ఆడితే పడవ బోల్తా పడదూ!" అంది హాలంతా వినపడేలా.

విశ్రాంతిలో టీలు తెచ్చుకుని మెట్ల దగ్గర నిలబడ్డాం.

"విడిపోయారా లేదా?" అంది వదిన.

"విడిపోయారు" అన్నాను. "కానీ ఏడ్చి ఏడ్చి ఒడ్డున పడిపోయిందని ఇన్నేళ్ళూ ఊదరగొట్టావు. పడిందా? ఒక్క కన్నీటి చుక్కయినా రాల్చిందా? నీళ్ళు తోడుకుంది."

వదిన తడబడింది. "ఏడ్చినట్టు నాకు బాగా గుర్తు."

"ఏడ్చింది నువ్వు" అంది కోడలు.

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఏమండీ, మన హాల్లో ఈ రీలు లేదా?"

"ఉంది. వేయలేదు" అన్నారాయన టీ ఊదుకుంటూ.

ఇద్దరం ఆయన్నే చూస్తున్నాం. మొదటిసారి ఆయనకు అందుబాటులో ఫ్యాను లేదు.

"సినిమా పెట్టె ఒకటి, హాళ్ళు రెండు" అన్నారు. "చెల్లెమ్మావాళ్ళ వైపు ఆట ముందు మొదలయ్యేది. అక్కడ రీలు అయిపోయినకొద్దీ సైకిలువాడు వంతెన మీంచి మాకు తెచ్చిచ్చేవాడు. సరిగ్గా ఆఖరి రీలు తెచ్చే వేళకి గూడ్సుబండి వచ్చేది, వంతెన దగ్గరి రైలు గేటు పడేది. మొదటిరోజు తెర తెల్లబోయింది. ఈలలు, కేకలు, కుర్చీలు విరుగుతున్నాయి. చేతిలో ఉన్నవాటిల్లో జనానికి నచ్చినదేదని చూసి, గేటు తీసేదాకా అని లాంతర్ల పాట మళ్ళీ ఎక్కించాను. ఆ పాటలో ఇద్దరి మెళ్ళోనూ దండలుంటాయి కదా. పాట అవగానే చప్పట్లు కొట్టి, లేచి, అందరూ ఇళ్ళకు పోయారు. సైకిలువాడు రొప్పుకుంటూ రీలు పట్టుకొచ్చేసరికి హాల్లో ఊడ్చేవాళ్ళు తప్ప ఎవరూ లేరు."

"మర్నాడైనా సరిగ్గా వేయొచ్చుగా?"

"మర్నాడు వాళ్ళే చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చారే, పెళ్ళి చూపిద్దామని! నవ్వుకుంటూ పోయేవాళ్ళని వెనక్కి పిలిచి, కూర్చోండి, ఏడవండి అనమంటావా?"

"మరి ఇన్నేళ్ళూ మీ నోట్లో ఏముందన్నయ్యగారూ?" అంది వదిన.

"నన్నెవరడిగారమ్మా? మీరిద్దరూ ఒకర్నొకరే అడుగుతున్నారు. మధ్యలో తల దూర్చడానికి నాకున్నది ఒకటే తల."

వదిన నవ్వలేక కూలబడింది. టీ చేతిమీద ఒలికింది. నాకూ నవ్వొచ్చింది గానీ సగంలోనే ఆగిపోయింది. గెలిచింది ఆవిడ. ఆవిడ వెళుతుంది. నేను చెయ్యి ఊపాలి.

అంతలో ఆవిడ ఫోను మోగింది. చిన్న కూతురు. ఆ పిల్ల గొంతు పక్కింటిదాకా వినపడే రకం.

"అమ్మా, ఎప్పుడొస్తున్నావే? నాకు రాత్రిళ్ళు భయమేస్తోంది."

"చెబుతానమ్మా. సినిమా అయ్యాక చెబుతాను."

"సినిమాకీ రావడానికీ ఏమిటే సంబంధం?"

వదిన ఫోను పెట్టేసింది. నా మొహం చూసిందో ఏమో, "ఇంకా సగం సినిమా ఉంది వదినా" అంది నెమ్మదిగా. "రెండో సగంలో వాళ్ళకి పెళ్ళయితే గెలుపు నీదే అనుకుందాం. పోనీ."

"అలా ఎలా కుదురుతుందమ్మా?" అంది కోడలు. "పందెం మొదటి సినిమా మీద కదా!"

"నువ్వుండవే" అంది వదిన. ఆవిడ ఓడిపోవాలనుకుంటోందని నాకప్పుడు తెలిసింది.

రెండో సగం అంతా నేను సినిమా చూశానా, వదినను చూశానా చెప్పలేను. హార్మోనియం అబ్బాయి ముసలివాడై, రేవుకు తిరిగొచ్చాడు. ఆవిడ గుర్తుపట్టనట్టు నటించింది. అతను ఆవిడ ఇరవై పడవలూ ఒక్కొక్కటిగా ఎక్కి తిరిగాడు, ఏదో ఒకదాన్లో ఆవిడ మాట్లాడకపోతుందా అని. "పాపం, చేతిలో డబ్బున్నట్టు లేదు, పడవ సరదా మాత్రం ఉంది" అన్నారు మా ఆయన. తరవాత తుఫాను, అపార్థం, ఆస్పత్రి. చివరికి, అన్ని పడవల మీదా లాంతర్లు వెలిగాయి. అదే పాట, కొత్త డప్పులతో. ఇద్దరు ముసలివాళ్ళ మెళ్ళో దండలు. హాలంతా చప్పట్లు. పెళ్ళయిపోయింది.

నేను గెలిచాను. నలభై ఏళ్ళ క్రితం మా హాల్లో చూసిన సినిమాయే ఇది. అడిగితే చాలు, వదిన ఉండిపోతుంది. స్టూలు మీద రెండు కళ్ళజోళ్ళూ అలాగే ఉంటాయి.

"ఎలా ఉంది?" అంది కోడలు.

"అబద్ధంలా ఉంది" అంది వదిన.

"బాగానే ఉంది" అన్నాను నేను. "కానీ ఆ పాత రీలే బాగుంది. ఆ నీళ్ళు తోడడం."

వదిన నావైపు తిరిగి, నాకేమైనా ఒంట్లో బాగోలేదా అన్నట్టు చూసింది. జనం మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. తలుపు దగ్గర సీట్లు కాబట్టి అందరి మోచేతులూ మాకే తగులుతున్నాయి.

"సరే, అడుగు" అంది. "ఏమడిగినా సరే అన్నాను. అడుగు వదినా."

నాకు వదిన చిన్న కూతురి గొంతు వినిపిస్తూనే ఉంది, రాత్రిళ్ళు భయమేస్తోందని. నాకు మొదటి కానుపప్పుడు ఎవరూ లేరు. ఇలాంటి భయంతో రాత్రిళ్ళు ఎంత పొడుగవుతాయో తెలుసు.

"కిటికీ పక్క సీటు తీసుకో" అన్నాను. "నీకు గాలి తగలకపోతే తల తిరుగుతుంది. నేనొచ్చి కూర్చోబెడతాను."

ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. "ఇది నీదే, నాది కాదు" అని తీసి నాకిచ్చింది.

సాగనంపడం ఎలాగో నాకు తెలియదని బస్టాండులో బయటపడింది. బస్సు బయల్దేరడానికి ఇంకా చాలాసేపు ఉండగానే నేను చెప్పాల్సినవన్నీ చెప్పేశాను. మందులు వేళకు వేసుకో, చిన్నదాని అత్తగారితో సినిమాల గురించి మాట్లాడకు, చేరగానే ఫోను చెయ్యి, చేరకముందు కూడా చెయ్యి. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. ఇద్దరం తుడుచుకున్నాం. బస్సు కదల్లేదు. వీడ్కోలు అయిపోయాక బస్సు కదలకపోతే ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు. కింద నిలబడి పైకి చూస్తూ, "మరేమిటి విశేషాలు?" అన్నాను.

"అదేమిటి వదినా, పొద్దుట్నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాంగా!"

"మెడ పట్టేసినట్టుంది. పైకొచ్చి కూర్చుంటాను ఒక్క నిమిషం."

"దిగిపోవాలి సుమా" అన్నారు మా ఆయన వెనకనుంచి.

ఎక్కి పక్కన కూర్చున్నాను. ఆ ముసలి హార్మోనియం మనిషి ఇన్నేళ్ళూ ఎక్కడున్నాడో సినిమాలో చెప్పలేదేమని అడిగాను. చెప్పారు, నువ్వు చూడలేదు అంది. చెప్పలేదన్నాను. ఆస్పత్రి సీనులో చెప్పారంది. ఆస్పత్రి సీనులో నువ్వు గురక పెట్టావన్నాను. నేనా, గురకా అని ఆవిడ గొంతు పెంచింది. అప్పుడు చూస్తే కిటికీలో కొట్లు వెనక్కి పోతున్నాయి. మా ఆయన చెయ్యెత్తి ఏదో అరుస్తూ నాలుగడుగులు పరుగెత్తి, నడుం పట్టుకుని ఆగిపోయారు.

"ఆపండి, ఆపండి! మా వదిన దిగాలి!" అంది వదిన.

"ముందే దిగాలమ్మా!" అన్నాడు కండక్టరు. "వచ్చే స్టాపు దాకా ఆగదు."

"పోనీలే, పోనివ్వు నాయనా" అన్నాను. బస్సులో నవ్వారు. వదిన నవ్వి, నా భుజం మీద తల ఆనించి, ఆ స్టాపు వచ్చేదాకా అలాగే ఉంది. మేమిద్దరం అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి.

ఊరి చివర, పెట్రోలు బంకు దగ్గర నన్ను దించేశారు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. కండక్టరు కసిరితే లోపలికి తీసుకుని చెయ్యి బయటపెట్టింది. నేను కూడా నా చెయ్యి ఎత్తాను. భుజం దగ్గర బిగుసుకుపోయినట్టుంది, ఎన్నేళ్ళయిందో. ఊపుదామనుకునేలోపు అడ్డంగా ఒక లారీ వచ్చింది. అది తప్పుకునేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

ఫోను మోగింది.

"ఊపావా వదినా? నాకు లారీ తప్ప ఏమీ కనపడలేదు."

"ఊపబోతున్నాను, ఇంతలో..."

"నాకు తెలుసు, ఎగ్గొడతావని! ఇప్పుడు ఊపు."

"ఫోన్లో ఎలా కనిపిస్తుంది వదినా?"

"నీ గొంతుని బట్టి నాకు తెలిసిపోతుంది. ఊపు."

ఖాళీ రోడ్డు వైపు తిరిగి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చెయ్యి ఊపాను. మొదట మెల్లగా, తరవాత బాగానే. పెట్రోలు పోసే అమ్మాయి వింతగా చూసింది. చూడనీ.

"ఊపుతున్నావు" అంది వదిన. "తెలుస్తోంది."

ఊరివైపు నుంచి వస్తున్న ఆటో ఒకటి, ఊపుతున్న చేతిని చూసి, వేగం తగ్గించి నా ముందు ఆగింది. లోపల్నుంచి మా ఆయన తల బయటపెట్టారు.

"ఎక్కడ ఆపాలో తెలియక చస్తున్నాను. మంచిపని చేశావు" అన్నారు. "ఎక్కు."